సైన్సు మూల: చివరి చెయ్యి



పోయిన వారం స్టడీ అవర్‌లో పాలిమర్ల పాఠం చదువుతుంటే తొమ్మిదో తరగతి తమ్ముడొకడు "అన్నా, ఈ గొలుసు ఎక్కడ ఆగుద్ది?" అని అడిగాడు. "దానంతట అదే ఆగిపోద్ది" అని చెప్పేశాను. తర్వాత చదివితే అది అన్నిసార్లూ నిజం కాదని తెలిసింది. తప్పు అందరి ముందూ చెప్పాను కాబట్టి ఒప్పు కూడా అందరూ చదివే ఈ గోడ మీదే రాస్తున్నాను.

థింసా ఆటలో వరస చివరి మనిషికి ఒక చెయ్యి ఖాళీగా ఉంటుంది కదా! ఎవరొచ్చినా ఆ చెయ్యి పట్టుకుంటారు, వరస పెరుగుతుంది. ఆనయానిక్ పాలిమరీకరణంలో గొలుసు చివరి కార్బన్‌ మీద ఉండే రుణావేశమే ఆ ఖాళీ చెయ్యి. అన్ని చివరలకూ రుణావేశమే కనుక రెండు గొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని ఆగిపోవు.

1956లో అమెరికాలోని సిరక్యూజ్‌లో మైకేల్ ష్వార్ట్స్ ఈ సంగతి చూపించాడు. స్టైరీన్ కలపగానే ఆకుపచ్చ ద్రావణం ఎర్రగా మారింది. స్టైరీన్ అంతా అయిపోయినా ఎరుపు పోలేదు. మళ్లీ స్టైరీన్ పోస్తే గొలుసులు ఇంకా పెరిగాయి. వీటికి 'లివింగ్ పాలిమర్లు', అంటే బతికున్న పాలిమర్లు, అని పేరు పెట్టాడు.

పొడవు కూడా మన చేతిలోనే ఉంటుంది. బ్యూటైల్ లిథియం లాంటి ప్రారంభకం గొలుసులన్నిటినీ దాదాపు ఒకేసారి మొదలుపెడుతుంది. 1 మోల్ ప్రారంభకానికి 100 మోల్‌ల స్టైరీన్ పోస్తే ఒక్కో గొలుసులో సగటున 100 స్టైరీన్‌లు ఉంటాయి.

ముందు స్టైరీన్, అది అయిపోయాక బ్యూటాడయీన్, చివర మళ్లీ స్టైరీన్ పోస్తే మూడు ముక్కల బ్లాక్ కోపాలిమర్ తయారవుతుంది. గట్టి స్టైరీన్ కొసలు గుంపులు కట్టి ముడుల్లా పట్టి ఉంచుతాయి, మధ్యది రబ్బరులా సాగుతుంది. వేడి చేస్తే ముడులు మెత్తబడతాయి, అచ్చులో పోసి చల్లారిస్తే మళ్లీ బిగుస్తాయి. గంధకం అక్కర్లేదు. 1965లో షెల్ కంపెనీ ఇలాంటి రబ్బరును అమ్మకానికి తెచ్చింది. బూట్ల అడుగులకూ, రోడ్డు తారులోనూ వాడతారు.

ఒక్కటే జాగ్రత్త. నీటి తడి గానీ గాలి గానీ తగిలితే ఆ చెయ్యి మూసుకుపోద్ది. అందుకే గాజు పాత్రలను బాగా ఆరబెట్టి, గాలి తీసేసి పని చేస్తారు.

కాబట్టి తమ్ముడూ, ఆ గొలుసు దానంతట అది ఆగదు. మోనోమర్ అయిపోతే ఎదురుచూస్తుంది. మనం ఆపితేనే ఆగుద్ది.

మీకో లెక్క: 2 మోల్‌ల బ్యూటైల్ లిథియంకు 500 మోల్‌ల స్టైరీన్ పోస్తే ఒక్కో గొలుసులో ఎన్ని ఉంటాయి? జవాబు స్టడీ అవర్‌లో నాకు చెప్పండి.