పెరిగిందా, పెంచారా? రైజ్, రెయిజ్‌ల కథ

ల్యాబ్ రికార్డుల్లో తరచూ కనిపించే వాక్యం ఇది: "ద టెంపరేచర్ రెయిజ్డ్ టు 80 డిగ్రీస్." భావం అర్థమైపోతుంది కానీ వ్యాకరణం ఒప్పుకోదు. అక్కడ ఉండాల్సింది 'రోజ్'. ఎందుకంటారా? ఇంగ్లీషు గ్రామరు కన్నా ముందు మన తెలుగే చెబుతుంది.

తెలుగులో కొన్ని క్రియలు జంటలుగా ఉంటాయి: పెరుగు–పెంచు, లేచు–లేపు, మారు–మార్చు, తిరుగు–తిప్పు. ప్రతి జంటలో మొదటిది అకర్మకం. 'దేన్ని?' అని అడిగితే జవాబుండదు. రెండోది సకర్మకం. ఒకరు ఇంకోదాన్ని చేసే పని. 'నేను ఫ్యాన్ స్పీడు పెరిగాను' అని ఎవరైనా అంటారా? అనరు కదా! రైజ్ అంటే పెరుగు, లేచు. రెయిజ్ అంటే పెంచు, లేపు, ఎత్తు. అంతే తేడా.

రూపాలు చూడండి:
రైజ్ – రోజ్ – రిజన్ (రోజ్ స్పెల్లింగు గులాబీదే!)
రెయిజ్ – రెయిజ్డ్ – రెయిజ్డ్

సూర్యుడు, పొగ, ధరలు, వరద నీటిమట్టం – వీటికి రైజ్. నది పుట్టడానికీ ఇదే మాట: "ద గోదావరి రైజెస్ నియర్ నాసిక్." చెయ్యి ఎత్తడం, గొంతు పెంచడం, ప్రశ్న లేవనెత్తడం, నిధులు సేకరించడం, పిల్లల్ని పెంచడం – వీటికి రెయిజ్.

రైజ్‌కి కర్మ లేదు కాబట్టి పాసివ్ వాయిస్ కూడా లేదు. 'వాజ్ రెయిజ్డ్' సరే, 'వాజ్ రిజన్' తప్పు. లెక్కల్లో "2 రెయిజ్డ్ టు ద పవర్ 3" అనేది అందుకే. 2 తనంతట తాను ఘాతానికి ఎక్కదు, మనమే ఎక్కిస్తాం. పైథాన్‌లో ఎర్రర్‌ని కావాలని లేపే కీవర్డు కూడా 'రెయిజ్' అన్నది గుర్తుందిగా!

నామవాచకం దగ్గర మాత్రం కాస్త జాగ్రత్త. ఉష్ణోగ్రతలో పెరుగుదల 'ఎ రైజ్ ఇన్ టెంపరేచర్'. జీతం పెంపును బ్రిటన్‌లో 'పే రైజ్' అంటే, అమెరికాలో 'రెయిజ్' అంటారు.

ఇదంతా మార్కుల కోసమేనా? కాదు. "వుయ్ రెయిజ్డ్ ద లోడ్ అండ్ ద టెంపరేచర్ రోజ్" అన్నప్పుడు, మనం చేతులతో మార్చిందేదో, కళ్లతో గమనించిందేదో విడివిడిగా తెలుస్తుంది. క్రియలు తారుమారైతే ప్రయోగమే తలకిందులవుతుంది.

ల్యాబ్ బయటా అంతే. 'ఫీజులు పెరిగాయి' అంటే ఎండలు పెరిగినట్టు వాటంతట అవే పెరిగాయేమో అనిపిస్తుంది. 'ఫీజులు పెంచారు' అనగానే 'ఎవరు?' అన్న ప్రశ్న పుడుతుంది. రెండూ నిజమే కావచ్చు, కానీ చెప్పేది ఒకటే కాదు.

కాబట్టి రాసేముందు 'దేన్ని?' అని అడగండి. జవాబుంటే రెయిజ్, లేకపోతే రైజ్. అలాగే వార్తల్లో 'పెరిగింది' అని కనిపించినప్పుడల్లా, పెంచిందెవరో కూడా ఒకసారి అడిగి చూడండి.