శిలారోహణంలో ఉలికి చోటుందా?

"బండలెక్కడం కూడా ఒక ఆటేనట్రా?" అని మా హాస్టలు మిత్రులు నన్ను చాలాసార్లు ఆటపట్టించారు. ఆటే! 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో దానికి తొలిసారి చోటు దక్కింది. అయితే ప్రతి ఆటకూ నియమాలుంటాయి. కొండ దగ్గర అంపైరు ఉండడు. మరి అక్కడ నియమాన్ని కాపాడేదెవరు? ఈ చిన్న వ్యాసంలో ఆ సంగతి పరిశీలిద్దాం.

స్పోర్ట్ క్లైంబింగులో నిట్టనిలువుగానో, ముందుకు వాలియో ఉన్న బండకు ముందుగా డ్రిల్లుతో రంధ్రాలు చేసి ఉక్కు బోల్టులు బిగిస్తారు. ఎక్కేవారు నడుముకు కట్టుకున్న తాడును వాటికి తగిలించుకుంటూ పైకి పోతారు. చేయి జారితే తాడు ఆపుతుంది. అనగా బోల్టు ప్రాణరక్షణకే గాని పట్టుకుని ఎక్కడానికి కాదు. రాతిలో సహజంగా ఉన్న పగుళ్ళూ, అంచులూ, గుంటలే ఆధారం.

"రంధ్రం చేస్తే మాత్రం రాయి పాడైనట్టు కాదా?" అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. రాతిని మార్చే పనులు స్థూలంగా మూడు. మొదటిది, ఊడిపడేలా ఉన్న పెచ్చులను తొలగించటం. రెండవది బోల్టు. దీన్నీ అందరూ ఒకేలా ఒప్పుకోరు. జర్మనీలోని సాక్సనీ ఇసుకరాతి కొండల్లో పగుళ్ళలో లోహసాధనాలు ఇరికించటమే నిషిద్ధం, అక్కడ ముడివేసిన తాళ్ళను ఇరికిస్తారు. మూడవది, ఉలితో కొత్త పట్టు చెక్కటం. మొదటి రెండూ ప్రమాదాన్ని తగ్గిస్తాయి. మూడవది ప్రశ్ననే మార్చేస్తుంది. లెక్క తేలలేదని ప్రశ్నపత్రంలో అంకెలు దిద్దుకున్నట్టు!

దీనికొక ప్రసిద్ధ ఉదాహరణ ఉంది. అమెరికాలోని యోసెమిటీ లోయలో ఎల్ కాపిటాన్ అనే సుమారు 900 మీటర్ల గ్రానైటు గోడ ఉన్నది. దానిపై 'నోస్' అనే మార్గాన్ని 1958లో తొలిసారి ఎక్కారు, కాని మేకులూ తాళ్ళూ పట్టుకుని. కేవలం కాళ్ళూ చేతులతో ఎక్కాలని రే జార్డిన్ ప్రయత్నించాడు. పగుల్లో ఇరికి, గుర్తు మిగల్చకుండా బయటికి వచ్చే 'ఫ్రెండ్స్' అనే సాధనాన్ని కనిపెట్టింది ఆయనే. అటువంటివాడే 1981లో ఒకచోట దారి దొరకక ఉలితో పట్లు చెక్కాడు! అయినా పై భాగం ఆయనకు సాధ్యం కాలేదు. 1993లో లిన్ హిల్ అనే మహిళ ఆ మార్గమంతా సాధనాలపై బరువు వేయకుండా ఎక్కింది. పైనున్న అతి కష్టమైన భాగాలకు ఆమెకు ఉలి అవసరం కాలేదు. జార్డిన్ చెక్కిన పట్లు మాత్రం నేటికీ ఉన్నాయి. ఆ మార్గాన్ని కేవలం కాళ్ళూ చేతులతో ఎక్కేవారు సాధారణంగా వాటిమీదుగానే పోతున్నారు. అక్కడ సహజమైన రాయి ఎవరికైనా లొంగేదో లేదో ఇక తేలదు.

ఇదంతా పుస్తకజ్ఞానంగా చెప్పటం లేదు. మా ఊరి దగ్గర ముందుకు వాలిన బండ ఒకటుంది. రెండు వారాలు ప్రయత్నించాం. ఒకేచోట చేయి జారిపోయేది. "ఒరే, ఒక్క అంగుళం చెక్కితే చాలురా" అన్నాను. అన్నది నేనే! దగ్గర్లో రాళ్ళు కొట్టే పెద్దాయన దగ్గరికి ఉలి అడగటానికి వెళ్ళాను.

"దేనికి బాబూ?"

"ఆ బండ ఎక్కటానికి."

ఆయన మమ్మల్నీ, బండనూ మార్చి మార్చి చూశాడు. "పైకి పోవాలంతే గదా? మెట్లే కావాలంటే చెప్పండి, సాయంత్రానికి కొట్టిపెడతా" అన్నాడు.

ఎగతాళికి అనలేదు, సాయం చేద్దామనే అన్నాడు. నాకు మాత్రం తల వాలిపోయింది. ఒక అంగుళం చెక్కటానికీ మెట్లు కొట్టటానికీ తేడా ఏమిటో చెప్పలేకపోయాను. ఉలి తీసుకోకుండానే తిరిగి వచ్చాను.

ఆ బండను ఇప్పటికీ ఎక్కలేదు. ఎక్కగలనన్న నమ్మకమూ లేదు. కాని నాకన్న పొట్టివాడో, సన్నని వేళ్ళున్న చెల్లెలో రేపు వచ్చి ఎక్కవచ్చు. విరిగిన రాయి మళ్ళీ అతకదు. మనకు చేతకానిదాన్ని చెక్కేయటమంటే, రాబోయేవారి ప్రశ్నను మనం చెరిపేయటమే.

మిత్రులారా! అంపైరు లేనిచోట ఆడే ఆటే మన అసలు పరీక్ష. ఓడిపోతే ఓడిపోదాం. రాయిని మాత్రం రాయిగానే వదిలి వద్దాం.