పదో పుస్తకంతో మొదలుపెట్టిన మేనకోడలికి



నళినీ సింగ్ ‘కిస్ ఆఫ్ స్నో’ సగంలో ఆపేశానని, ఎవరు ఎవరికి ఏమవుతారో అంతుబట్టలేదని రాశావు. అంతుబట్టదు మరి! అది ‘సై-చేంజ్‌లింగ్’ వరసలో పదో నవల. తోడేళ్ళ నాయకుడు హాక్ ఎప్పుడు ఒక ఇంటివాడవుతాడా అని పాఠకులు ఏళ్ళ తరబడి కాచుకున్నారు. నువ్వేమో సరిగ్గా తాళి కట్టే వేళకి పందిట్లోకి వచ్చి పెళ్ళికూతురెవరని అడుగుతున్నావు.

2006లో వచ్చిన ‘స్లేవ్ టు సెన్సేషన్’తో మొదలుపెట్టు. రచయిత్రి ఫిజీలో పుట్టి న్యూజిలాండ్‌లో పెరిగిన మనిషి. కథ మాత్రం 2079 నాటి శాన్‌ఫ్రాన్సిస్కోలో జరుగుతుంది. ఆ లోకంలో మామూలు మనుషులు, జంతురూపం ఎత్తగల చేంజ్‌లింగ్‌లు, మనోశక్తులున్న సై జాతి కలిసి బతుకుతుంటారు. పిచ్చీ హత్యలూ తమలో పెచ్చుమీరాయని సై వాళ్ళు 1979లో ‘సైలెన్స్’ అనే కట్టడి తెచ్చుకున్నారు. పుట్టిన బిడ్డకి కోపం, ప్రేమ, దుఃఖం ఏవీ లేకుండా చేసే శిక్షణ అది. వాళ్ళ మనసులన్నీ సైనెట్ అనే వలలో ముడిపడి ఉంటాయి. ఆ వల నుంచి తెగిపోతే ప్రాణం నిలవదు.

ఇప్పుడు చూడు. నాయిక సాషా సై పిల్ల, పైగా పాలక మండలి సభ్యురాలి కూతురు. చిరుతల నాయకుడు లూకస్‌ని ప్రేమించిందంటే ఆమె ప్రాణానికే ముప్పు. పారానార్మల్ రొమాన్స్ చదివినప్పుడల్లా నేను చూసేది ఇదే. అందులోని వింతంతా తీసేసినా ప్రేమకథ చెక్కుచెదరకుండా నిలబడితే, ఆ కోరలూ గోళ్ళూ వేషం కోసం తగిలించినవే. ఇక్కడ సైలెన్స్‌ని తీసేస్తే కథే లేదు.

వారపత్రికల సీరియళ్ళకి అలవాటుపడ్డ ప్రాణం నాది. వారం చివర నాయిక ఏదో ఒక గండంలో ఉండాల్సిందే. ఈ వరసలో మాత్రం దాదాపు ప్రతి పుస్తకానికీ ఒక జంట, వాళ్ళకి అక్కడే సుఖాంతం. అది ముందే తెలుసు కాబట్టి ఉత్కంఠ పెద్ద కథలోకి జారుతుంది: సైలెన్స్ కూలుతుందా, కూలితే ఆ జాతి ఏమవుతుంది? మొదటి పుస్తకంలో సాషా తనలోనే ఏదో లోపముందని కుమిలిపోతుంది. అదే ‘లోపం’ 2014లో వచ్చిన పదమూడో పుస్తకం ‘షీల్డ్ ఆఫ్ వింటర్’లో జాతి మొత్తానికీ దిక్కవుతుంది. అందుకే పక్కపాత్రల మీద ఓ కన్నేసి ఉంచు. మూడో పుస్తకం నాయకుడు జడ్, హాక్‌ని కట్టుకునే సియన్నాకి మేనమామ.

శృంగార ఘట్టాలు రాగానే పేజీలు తిప్పేయకు. సై వాళ్ళు ఒకరినొకరు ముట్టుకోరు, చిరుతలకేమో స్పర్శ లేనిదే రోజు గడవదు. సాషా మారుతున్న సంగతి ముందు ఆమె చేతుల్లోనే తెలుస్తుంది.

నాకు మింగుడుపడనిదీ ఒకటుంది. ఈ నాయకులకి ‘నువ్వు నాదానివి’ అన్న మాట మరీ తేలిగ్గా నోటికొస్తుంది. హాక్‌కీ సియన్నాకీ వయసులో చాలా అంతరం. సియన్నా చేత గట్టిగా ఎదురు చెప్పించి రచయిత్రి ఆ తూకం సరిచేయబోయింది. నాకైతే సగమే సరిపోయిందనిపించింది. చదివాక నీకేమనిపించిందో రాయి, వాదించుకుందాం.

మీ అత్తయ్య