మృగశిర మబ్బులు

కళ్యాణదుర్గం,
మార్గశిర మాసం.

చిరంజీవి మనవరాలికి,

నీ ఉత్తరం అందింది పాపా. ఫోనులో చూసిన జేమ్స్ వెబ్ టెలిస్కోపు ఫోటోల గురించి రాశావు. నారింజ రంగు కొండలు, వాటిపైన నీలిరంగు ఆకాశం, అక్కడక్కడా ముళ్లతో మెరిసే చుక్కలు. "ఇవన్నీ కంప్యూటర్లో రంగులు పూసినవే" అని హాస్టల్లో నీ స్నేహితురాలు అన్నదనీ, నీకు జవాబు తోచలేదనీ రాశావు. ఆ అమ్మాయి అడిగింది మంచి ప్రశ్న. అవుననో కాదనో ఒక్క మాటలో తేల్చేస్తే నీ చేతికి ఏమీ మిగలదు కాబట్టి కొంచెం పెద్ద ఉత్తరమే రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

ముందు ఒక సంగతి గుర్తు చేసుకో. వానాకాలంలో రాత్రి వార్తల్లో ఉపగ్రహం తీసిన మబ్బుల పటం చూపిస్తారు కదా, మనింట్లో అందరూ పలకడం మాని దానివంక చూస్తారు. చీకట్లో మబ్బు ఎలా కనపడిందని ఎప్పుడైనా ఆలోచించావా? ఇన్సాట్-3డీఆర్, 3డీఎస్ లాంటి మన ఉపగ్రహాలు రాత్రిపూట చూసేది వెలుతురును కాదు, మబ్బు నుంచి వచ్చే వేడిని. అంటే పరారుణ కిరణాలను. మబ్బు నెత్తి ఎంత చల్లగా ఉంటే అది అంత ఎత్తుకు లేచినట్టు. ఆ చలిని అంకెల్లో కొలిచి, అంకెకు ఒక రంగు చొప్పున వేసి మనకు చూపిస్తారు. ఆ ఎరుపూ నీలమూ ఆకాశంలో లేవు. అయినా ఆ పటాన్ని ఎవరూ అబద్ధమనరు. దాన్ని చూసే రేపు గొర్రు కట్టాలా వద్దా అని మాట్లాడుకుంటారు.

వెబ్ ఫోటోలు కూడా అదే దారిలో తయారవుతాయి. అంతరిక్ష టెలిస్కోపులోని కెమెరాకు రంగు తెలియదు. ఏ చోట ఎంత కాంతి పడిందో లెక్కపెట్టడం ఒక్కటే దాని పని. దాని ముందు ఒక ఫిల్టరు పెట్టి ఒక తెలుపు నలుపు ఫోటో, ఫిల్టరు మార్చి ఇంకొకటి, ఇలా తీసుకుంటూ పోతారు. వెబ్ చూసేది చాలావరకు మన కంటికి ఆనని పరారుణమే. అందులో పొడవైన తరంగాలకు ఎరుపు, పొట్టివాటికి నీలం, నడిమివాటికి మధ్య రంగులు ఇస్తారు. మన కన్ను వెలుతురును చూసే వరుస కూడా అదే. కాబట్టి నీ స్నేహితురాలితో చెప్పు: రంగు వేసిన మాట నిజమే, కానీ ప్రతి రంగు వెనకా ఒక కొలత ఉంది. ఆ కొలత ఏమిటో అడగనివాళ్లకు అది గోడకు తగిలించుకునే పటం. అడిగినవాళ్లకు పాఠం.

పరారుణం మీద నమ్మకం కుదరాలంటే టీవీ రిమోటు తీసుకుని ఫోను సెల్ఫీ కెమెరాకు ఎదురుగా పెట్టి మీట నొక్కు. కంటికి ఏమీ కనపడని చోట తెరమీద తెల్లగానో ఊదాగానో ఒక చుక్క మిణుకుమంటుంది. కెమెరా తన చూపును నీకు అప్పిచ్చింది, అంతే.

ఇప్పుడు మన కార్తెల దగ్గరికి వద్దాం. మన సీమలో మృగశిర అంటే విత్తనం కార్తె. జూన్ మొదటి వారం దాటితే ఎర్రనేలలో పదును చిక్కుతుందా, శెనక్కాయ వేయవచ్చా అని ఊరంతా పడమటి దిక్కే చూస్తుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే నేల మనది. నైరుతి మబ్బు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుంటుంది, ఈశాన్యపు వాన చాలావరకు కోస్తాలోనే కురిసిపోతుంది. కార్తె అంటే సూర్యుడు ఆ నక్షత్రం పక్కన ఉండే రోజులు. అందుకే మృగశిర కార్తెలో మృగశిర కనపడదు, పగటి వెలుతురులో మునిగి ఉంటుంది. అది కనపడేది ఇప్పుడు, ఈ మార్గశిరంలో.

రాత్రి ఎనిమిది దాటాక మిద్దె ఎక్కి తూర్పు చూడు. మూడు చుక్కలు దాదాపు నిలువుగా ఒక వరుసలో ఉంటాయి. వాటికి ఎడమవైపు ఎర్రగా వెలిగేది ఆరుద్ర. ఆరుద్రకు కొంచెం పైన చిన్న చుక్కలు మూడు దగ్గర దగ్గరగా కనపడతాయి, అదే మృగశిర. వాటిలో పెద్దదైన చుక్కను ఇంగ్లీషు పుస్తకాలు మెయిస్సా అంటాయి. సుమారు 1,300 కాంతి సంవత్సరాల దూరం. చాలా వేడి నక్షత్రం, వయసులో చిన్నది. ఐరాస్ ఉపగ్రహం 1983లో ఆకాశమంతటినీ పరారుణంలో చూసినప్పుడు, దాని చుట్టూ వంద కాంతి సంవత్సరాలకు మించిన వెడల్పుతో దుమ్ము వలయం ఒకటి స్పష్టంగా కనిపించింది. మన పెద్దలు వాన కోసం లెక్కగట్టుకున్న నక్షత్రం నిజంగానే ఒక మబ్బు నడుమ ఉంది తల్లీ. వాళ్లకు ఆ సంగతి తెలుసని నేను అనను, తెలుసునని ఎవరైనా అంటే నమ్మకు. ఇది కలిసొచ్చిన సంగతి మాత్రమే. అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

ఆ మూడు చుక్కల వరుసకు కుడిపక్కన, కొంచెం దూరంలో, మసకగా అలికినట్టున్న చుక్క ఇంకొకటి ఉంటుంది. అది చుక్క కాదు, ఒరాయన్ నెబ్యులా. టెలిస్కోపు లేకుండానే కంటికి ఆనే నక్షత్రాల పుట్టినిల్లు. దాని దూరం సుమారు 1,350 కాంతి సంవత్సరాలు. ఈ రాత్రి నీ కంట్లో పడే వెలుగు అక్కడినుంచి బయల్దేరిన నాటికి మన పక్క సీమలో రేనాటి చోళులు రాళ్ల మీద తెలుగులో శాసనాలు వేయిస్తున్నారు. హబుల్ టెలిస్కోపు 1990ల్లో ఆ మసకలోకి చూస్తే కొన్ని పసి నక్షత్రాల చుట్టూ నల్లటి పళ్లేల్లాంటి దుమ్ము బిళ్లలు కనిపించాయి. గ్రహాలు తయారయ్యేది అలాంటి బిళ్లల్లోనే. 2023లో వెబ్ అక్కడి ఒక బిళ్లలో మిథైల్ కేటయాన్ అనే కర్బన అయానును పట్టుకుంది. పెద్ద కర్బన అణువులు పేరుకోవడానికి అది మొదటి మెట్టు. సౌరకుటుంబం బయట దాన్ని గుర్తించడం అదే తొలిసారి.

ఈ మబ్బుల్లో ఏముంది? చాలావరకు హైడ్రోజన్, కొంచెం హీలియం, వందో వంతు దుమ్ము. నువ్వు పీల్చే గాలిలో ఒక ఘన సెంటీమీటరుకు రెండున్నర లక్షల కోట్ల కోట్ల అణువులుంటాయి. ఆ మబ్బులో అంతే చోటులో కొన్ని వందలు, గుబురుగా ఉన్నచోట వేలు, లక్షలు. మన ప్రయోగశాలల్లో పంపులు పెట్టి తోడిన శూన్యం కూడా చాలావరకు దానికంటే చిక్కగానే ఉంటుంది. అయినా అది వెనకున్న చుక్కలను మూసేస్తుంది. కారణం దాని లోతు. ఒక్క కాంతి సంవత్సరమే తొమ్మిదిన్నర లక్షల కోట్ల కిలోమీటర్లు. అంత దూరం పరుచుకుంటే పలచని దుమ్ము కూడా గోడ అయిపోతుంది.

ఆ దుమ్ము రేణువు చాలా సన్నం. మామూలు కాంతి తరంగం పొడవు దాని పరిమాణానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి చిక్కుకుపోతుంది. అంతకు నాలుగైదు రెట్లు పొడవున్న పరారుణ తరంగం దాటుకుని వచ్చేస్తుంది. ఎండాకాలం మన దగ్గర గాలి లేచిన సాయంత్రాల్లో సూర్యుడు ఎర్రగా దిగడం చూశావుగా. గాలీ దుమ్మూ కలిసి నీలాన్ని చెదరగొడతాయి, ఎరుపు నెగ్గుకొస్తుంది. ఎరుపు దాటి ఇంకా ముందుకు పోతే పరారుణం. వెబ్‌ను భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, ఎండ తగలకుండా అయిదు పొరల గొడుగు నీడన ఎందుకు పెట్టారో ఇప్పుడు నీకే తెలిసిపోతుంది. వేడిని చూసే యంత్రం తానే వేడెక్కితే దానికి తన వేడి తప్ప ఇంకేమీ కనపడదు.

మబ్బు లోపల చలి మైనస్ 260 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. నక్షత్రం పుట్టడానికి ఆ చలే ఆధారం. వేడిగా ఉంటే వాయువు విచ్చుకుపోవాలని చూస్తుంది, చల్లబడితే తన బరువుకు తానే కుంగుతుంది. కుంగిన చోట ముద్ద చిక్కనై, నడుమ వేడెక్కి, చివరికి హైడ్రోజన్ మండుతుంది. అయితే మనకు తెలిసినట్టే, కమ్మిన మబ్బంతా వాన కాదు. అంత పెద్ద మబ్బులో నక్షత్రాలుగా మారేది నూటికి కొన్ని పాళ్లే. తక్కినదాన్ని ముందు పుట్టిన పెద్ద నక్షత్రాలు తమ గాలితో, అతినీలలోహిత కాంతితో తరిమేస్తాయి. నెబ్యులా ఫోటోల్లో నువ్వు చూసే అందమంతా ఆ తరిమివేతే. నేను ఈ ఉత్తరంలో చెప్పదలచిన అసలు సంగతి ఇది.

దీన్ని మనసులో పెట్టుకుని, సృష్టి స్తంభాలని పేరుపడ్డ నెబ్యులా ఫోటో తీసి చూడు. 1995 ఏప్రిల్ 1న జెఫ్ హెస్టర్, పాల్ స్కోవెన్ అనే శాస్త్రవేత్తలు హబుల్‌తో తీశారు. దూరం సుమారు 6,500 కాంతి సంవత్సరాలు. అందులో గంధకం కాంతికి ఎరుపు, హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, ఆక్సిజన్‌కు నీలం ఇచ్చారు. గంధకమూ హైడ్రోజనూ రెండూ కంటికి ఎర్రగానే ఉంటాయి. ఉన్నది ఉన్నట్టు చూపితే రెండూ కలిసిపోయి ఏ వాయువు ఎక్కడుందో తెలిసేది కాదు. ఇప్పుడు స్తంభాల కొనలు చూడు, అన్నీ దాదాపు ఒకే దిక్కుకు లేచి ఉన్నాయి. ఆ దిక్కున, ఫోటో అంచుకు అవతల, వేడి నక్షత్రాల గుంపు ఉంది. దాని కాంతి మబ్బును కరిగిస్తోంది. కొనన ఉన్న చిక్కటి ముద్ద ఆ దెబ్బను కాచుకుంటే, దాని నీడలో ఉన్నది స్తంభమై మిగిలింది. ఫోటోలో లేని నక్షత్రాలను ఫోటోలోని ఆకారం చూసి చెప్పవచ్చునన్నమాట.

అదే చోటును వెబ్ తీసిన ఫోటో 2022 అక్టోబరులో విడుదలైంది. హబుల్‌లో గోడల్లా ఉన్న స్తంభాలు ఇందులో సగం పారదర్శకం. అంచుల వెంట ఎర్రటి ముద్దలు వెతుకు. లోపల ఇంకా తయారవుతున్న నక్షత్రాలు రెండు వైపులా చిమ్మే వాయుధారలు మబ్బును గుద్దుకున్న చోట్లవి. అక్కడి పసి నక్షత్రాల వయసు కొన్ని లక్షల ఏళ్లే. మన సూర్యుడి వయసు 460 కోట్ల ఏళ్లు. చుక్కలకున్న ముళ్లు మాత్రం నక్షత్రాలవి కావు. వెబ్ అద్దం 18 షడ్భుజి ముక్కలతో చేసింది, ఆ అంచుల వల్లా ముందున్న కడ్డీల వల్లా అవి ఏర్పడతాయి. ఫోటోలో ఏది ఆకాశానిదో, ఏది యంత్రానిదో వేరు చేయడం నువ్వు మొట్టమొదట నేర్చుకోవలసిన విద్య.

ఇంకో జాగ్రత్త కూడా చెబుతాను. పిల్లలకోడి, అదే కృత్తికలు, ఫోటోల్లో నీలి మబ్బు కప్పుకుని ఉంటాయి. అది వాటి పుట్టినిల్లని అనుకోకు. ఆ చుక్కల వయసు దాదాపు పది కోట్ల ఏళ్లు, సొంత మబ్బు ఎప్పుడో చెదిరిపోయింది. ఇప్పుడున్నది దారిలో తగిలిన దుమ్ము.

మన వైపు మనిషి కథ ఒకటి చెప్పాలి. ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు పుట్టింది మద్రాసులో, పెరిగింది హైదరాబాదులో. తండ్రి నిజామియా వేధశాలలో పనిచేసేవారు. నిజాం కాలేజీలో చదువుకుని హార్వర్డుకు వెళ్లిన ఆ కుర్రవాడు 1949లో ఒక ఫోటో పలక మీద కొత్త తోకచుక్కను పట్టాడు. దానికి బప్పు–బాక్–న్యూకర్క్ అని పేరు. నడుమనున్న బార్ట్ బాక్ ఆయన గురువుల్లో ఒకరు. ఆ బాక్ 1947లోనే ఎడిత్ రైలీతో కలిసి, నెబ్యులాల ముందు కనపడే చిన్న నల్లటి ముద్దల్లో నక్షత్రాలు పుడుతుండవచ్చునని రాశాడు. లోపలికి చూసే సాధనం అప్పట్లో లేదు. పరారుణ పరిశీలనలతో అది రుజువైంది 1990లో, బాక్ పోయిన ఏడేళ్లకు. బప్పు 1982లోనే పోయారు. కావలూరు వేధశాలలో ఆయన పూనికతో మొదలైన 2.34 మీటర్ల టెలిస్కోపు 1986 నుంచి ఆయన పేరుతోనే ఉంది.

నువ్వు రాసిన నారింజ కొండలు కెరీనా నెబ్యులా పక్కనున్న ఎన్‌జీసీ 3324 అంచు. 2022 జూలై 12న విడుదల చేశారు. అందులో ఎత్తైన శిఖరం దాదాపు ఏడు కాంతి సంవత్సరాలు. వెబ్‌ను నడిపించే కేంద్రం అమెరికాలో బాల్టిమోర్‌లో ఉంది. ఆ ఊరి ఆకాశంలో కెరీనా ఎన్నడూ ఉదయించదు. మనకు ఉదయిస్తుంది. ఉగాది దాటాక రాత్రి పది గంటలప్పుడు, అగస్త్య నక్షత్రం నైరుతికి వాలుతుండగా, దక్షిణాన నేలకు పిడికిలిన్నర ఎత్తులో చూడు. బైనాక్యులరు ఉంటే మసకగా వెలుగుతూ కనపడుతుంది. వానలేని సీమ అని మనల్ని అందరూ జాలిగా చూస్తారు గానీ, ఇంత తేటైన ఆకాశం ఉన్న పల్లెలు ఎన్ని ఉన్నాయో చెప్పమను.

మన టెలిస్కోపు కూడా పైన ఉంది. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ30 మోసుకెళ్లిన ఆస్ట్రోశాట్‌లో యువిట్ అనే అతినీలలోహిత టెలిస్కోపు ఉంది. వెబ్ పుట్టబోయే నక్షత్రాలను చూస్తే, ఇది పుట్టి భగ్గున మండుతున్న పెద్దవాటిని చూస్తుంది. ఆస్ట్రోశాట్ సమాచారం 2018 నుంచి అందరికీ తెరిచే ఉంది. హబుల్, వెబ్ సమాచారం కూడా చాలావరకు ఉచితమే. ఎవరి సిఫారసూ అక్కర్లేదు.

కాబట్టి సంక్రాంతి సెలవులకు వచ్చేలోగా ఒక పని చెయ్యి. మీ కాలేజీ కంప్యూటర్లో సృష్టి స్తంభాల తెలుపు నలుపు ఫైళ్లు మూడు, మూడు వేర్వేరు ఫిల్టర్లవి, దించుకో. ఒక్కోదానికి ఒక్కో రంగు ఇచ్చి కలుపు. నీ స్నేహితురాలిని పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి. రంగులు మీ ఇష్టం, కానీ ఏ రంగు ఏ ఫిల్టరుదో ఫోటో కింద రాయకుండా నాకు పంపవద్దు.

ఇట్లు,
మీ తాత