బిందెలు లెక్కపెట్టండి

కర్ణాటకలో మా బాగేపల్లి, చింతామణి ఊళ్లలో ఆడరైతులతో పనిచేయడానికి ఏటా కొత్త పిల్లలు వస్తుంటారు. మెడలో కార్డు, చేతిలో టాబ్. మంచి పిల్లలే. "అవ్వా, మీ అనుభవం చెప్పండి" అంటారు. నేను మొదలుపెట్టేసరికి బస్సు టైమైందంటారు. అందుకే రాసి పెడుతున్నా. నాకు డెబ్బై దాటాయి. నలభై ఏళ్లకు పైగా మెట్ట సేద్యం, అందులో పాతికేళ్లు మహిళా సంఘాల పుస్తకాలు రాసే పని. వరసకు అంకెలు వేశాను గానీ అన్నిటి బరువూ ఒకటి కాదు.

1. వాన తగ్గిందని ఊరికే రాసుకోకండి. ఎప్పుడు పడింది, ఎప్పుడు పడలేదు అని అడగండి.

చిత్రావతి, పాపఘ్ని, ఉత్తర పినాకిని పుట్టేది మా నంది కొండల చుట్టుపక్కలే. పుట్టి ఆంధ్రకు వెళ్లిపోతాయి. ఏడాది పొడుగునా పారే నది మాకు ఒక్కటీ లేదు. కాబట్టి కరువు చూసి మేం బెదరం. మమ్మల్ని బెదరగొట్టింది 2021 నవంబరు. రాగి కోసి ఓదెలు వేసుకున్నాం. ఇక కుప్ప వేయడమే తరవాయి అనగా వాన పట్టుకుంది, రోజుల తరబడి వదల్లేదు. తెరిపి ఇచ్చాక చేలోకి పోయి ఒక ఓదె తిరగేశాను. అడుగున ఎన్నులన్నీ మొలకలెత్తి నారుమడిలా పచ్చగా ఉన్నాయి. చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది, పులిసిన వాసన. పక్క చేలో మా తోడికోడలు ఏడవను కూడా లేదు, మొలకెత్తిన ఎన్నులు ఏరి ఆవుకు వేసింది. రెండేళ్లు తిరిగేసరికి 2023లో కర్ణాటకలోని 236 తాలూకాల్లో 223 కరువు తాలూకాలని సర్కారే ప్రకటించింది. అదే చేను, అదే మనిషి. ఎండకు తట్టుకునే విత్తనం ఒక్కటి చేతిలో పెట్టి వెళ్లిపోతే నవంబరు వాన సంగతి ఎవరు చూస్తారు?

2. ఏ పథకం తెచ్చినా ముందు బిందెలు లెక్కపెట్టండి.

ఒక సంస్థ వాళ్లు, పేరెందుకులెండి, ఇంటికి నలభై చొప్పున మామిడి, నేరేడు, చింత మొక్కలు ఇచ్చారు. మొక్కకు వారానికి రెండు బిందెల నీళ్లు పొయ్యాలన్నారు. మా సంఘంలో సంతకాలు చేయించింది నేనే. ఆ రోజు ఎవరికీ తట్టని లెక్క ఇది: నలభైని రెండు పెట్టి గుణిస్తే ఎనభై బిందెలు. కొళాయి దగ్గర్నుంచి చేను అర కిలోమీటరు. ఇంటికి, పశువులకు మోసే నీళ్లు దీనికి వేరు. మగవాళ్లు మొక్కలు నాటడానికి వచ్చారు, ఫొటో తీసేప్పుడు వచ్చారు. ఉగాది దాటాక బిందె ఎత్తింది ఎవరో చెప్పనక్కర్లేదు కదా.

ఆ వేసవి గడిచేసరికి బతికినవి పెరట్లో, స్నానాల నీళ్లు పారే చోట నాటిన నాలుగైదే. సంస్థ రిపోర్టులో "మహిళల్లో ఆసక్తి కొరవడింది" అని రాశారు. ఆసక్తికేం కొరవ లేదు నాయనా, మెడలు నొప్పి పుట్టాయి. తప్పు వాళ్లది సగం, నాది సగం. ఇంటికి నలభై బదులు ఐదు అడిగి ఉండాల్సింది.

దీనికి ఎదురుగా నిలబెట్టి చూపించేది పేడ గ్యాసు పొయ్యి. బాగేపల్లిలో 1970ల చివర నుంచి పనిచేస్తున్న అడాట్స్ అనే సంస్థ, అక్కడి కూలి సంఘం కలిసి 5,500 ఇళ్లకు రెండేసి ఘనపు మీటర్ల గోబర్ గ్యాసు గుంతల పథకం తెచ్చాయి. 2005లో అది ఐక్యరాజ్యసమితి వారి, కార్బన్ క్రెడిట్లు ఇచ్చే క్లీన్ డెవలప్‌మెంట్ పద్దులో నమోదైంది. కార్బన్ క్రెడిట్ అంటే ఏమిటని మా ఆడవాళ్లలో ఒక్కరూ అడగలేదు. "గిన్నె అడుగు మసి పట్టదు కదా?" అని అడిగారు. కట్టెలకు గుట్టకు పోయే పూట మిగిలింది, కళ్లమంట తగ్గింది, గుంతలోంచి వచ్చిన రొచ్చు చేనికి ఎరువైంది. ఇంటావిడ పొద్దులోంచి పని తీసేసిన పథకం కాబట్టి దాన్ని ఆమే కాపాడుకుంది. అయితే ఇక్కడా ఒక మెలిక ఉంది. పేడ ఎంతో నీళ్లూ ఇంచుమించు అంతే కలపాలి. కరువులో ఆవును సంతకు తోలితే పొయ్యి కూడా ఆరిపోతుంది. అలా ఆరిన పొయ్యిల మీద చెంబులు బోర్లించి పెట్టుకోవడం నేను చూశాను.

3. గడ్డిని కూడా తూకం వెయ్యండి.

చింతామణి దగ్గర కురుబూరు కృషి విజ్ఞాన కేంద్రానికి మా సంఘం వాళ్లం చాలాసార్లు వెళ్లాం. అక్కడి వాళ్లు ఓపికగా చెబుతారు. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి జి.పి.యు.-28 రాగి మా దగ్గర నిలబడిందంటే అగ్గితెగులుకు ఓర్చుకుంది కాబట్టి, గడ్డి కూడా మోస్తరుగా వచ్చింది కాబట్టి. మధ్యలో ఒక పొట్టి రకం వచ్చింది. తొందరగా కోతకొస్తుంది, వాన ఆలస్యమైన ఏడు మంచిదే. మగవాళ్లు సరేనన్నారు, ఆడవాళ్లు మరుసటేడు వేయలేదు. అడిగితే మా పొరుగావిడ మోకాలి దగ్గర చెయ్యి పెట్టి చూపించింది, గడ్డి ఇంతే వచ్చిందని. గింజ ఇంటికి సంగటి, గడ్డి ఆవుకు మేత. డెయిరీ బటవాడా డబ్బులు ఆమె చేతికి వచ్చే దారి ఆ గడ్డే. ఎకరాకు ఎన్ని క్వింటాళ్లని మాత్రమే అడిగేవాళ్లకు ఈ లెక్క దొరకదు.

4. అక్కడి సాలును పాతకాలపు ముచ్చట అనుకోకండి.

గొర్రు వెనక తాడుతో విడిగా కట్టిన ఒంటి గొట్టం అక్కడి. మగమనిషి ఎద్దులు తోలుతుంటే వెనక నడుస్తూ అందులో గింజలు వదిలేది ఆడమనిషి. పిడికిట్లో అనుములు, కందులు కలిపి పట్టుకుని, బొటనవేలితో ఒక్కో గింజ జార్చాలి. రెండు జారితే మొలక గుంపవుతుంది, ఆలస్యమైతే ఖాళీ పడుతుంది. ఇన్ని సాళ్ల రాగికి ఒక సాలు అనుములు, అక్కడక్కడ ఆముదం, గట్టు వార జొన్న. రాగి ఎండిపోయిన ఏడు కూడా కంది నిలబడేది. మంచు పడే రోజులకు అనపకాయలు, పితికిపప్పు చారు. ట్రాక్టరు గొర్రు వచ్చాక పని తొందరగా అవుతోంది, కాదనను, నేనూ దాన్నే పిలిపిస్తాను. కానీ దాని వెనక అక్కడి పట్టుకుని నడిచే మనిషికి చోటు లేదు. ఏ గింజ ఎన్ని సాళ్లకో తేల్చే మాట కూడా ఆ మనిషితో పాటే పోయింది. ఇప్పుడు చాలామంది ట్రాక్టరు పోయాక చేత్తో గింజ నాటుతున్నారు. నడుము వంచాల్సిందే. ఎవరైనా ట్రాక్టరుకే సరిపడే అక్కడి చేసిపెడితే వాళ్ల కాళ్లకు దండం పెడతాను.

5. బోరు మాట రాగానే ఇంటావిడ చెవుల వైపు చూడండి.

నా చిన్నప్పుడు కపిల బావి, తర్వాత రెండు వందల అడుగుల బోరు. ఇప్పుడు వెయ్యి అడుగులు దాటినా దుమ్మే లేస్తుంది. మా ఇంట్లో మూడు బోర్లు వేశాం, మూడోదానికి నా కమ్మలు పోయాయి. లోతు నీళ్లలో ఫ్లోరైడ్ కూడా మాకు కలిసివచ్చింది. కుంట పూడిక తీయడం, పొలంలో కృషి హొండ అనే నీటి గుంట తవ్వుకోవడం మేలు. రాగి ఎన్ను తొడిగే వేళ ఒక్క తడి అందినా గింజ దక్కుతుంది. హొండకు ప్లాస్టిక్ పరిస్తే మాత్రం అది జారుడుబండ. చుట్టూ కంచె, లోపలికి ముడులు వేసిన తాడు లేకుండా సంతకం పెట్టించవద్దు. పసిపిల్లల తల్లులు చేలోనే ఉంటారు.

6. విత్తనం ఎవరి చేతిలో ఉంటే పదునులో మాట వాళ్లది.

మా అత్తగారింట్లో రాగులకు పాతర ఉండేది. ఏళ్ల తరబడి పురుగు పట్టేది కాదు. తెరిచిన వెంటనే ఎవరినీ దిగనిచ్చేది కాదు మా అత్త. ముందు దీపం తాడుకు కట్టి దించేది. ఆరిపోతే మూత తీసి వదిలేసి, మర్నాడు మళ్లీ దీపం. అది నిలిచి వెలిగాకే మనిషి. విత్తనాలు వేరే కుండలో, బూడిద, వేపాకు కలిపి. వాన పడిన రాత్రే కుండ దించేవాళ్లం, ఎవరి దగ్గరికీ పోయే పని లేదు. ఇప్పుడు పదును ఆరేలోపు రైతు సంపర్క కేంద్రం ముందు వరుసలో నిలబడాలి, ఆధార్ జిరాక్స్ పట్టుకుని. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆడవాళ్లు ఇలాంటి విత్తన కుండలనే నమ్ముకున్నారు. 2019లో వాళ్లకు ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. మా సంఘంలో నియమం చిన్నది: సేరు తీసుకుంటే సేరున్నర తిరిగివ్వాలి. మూడేళ్లు నడిచింది. 2021 తడికి విత్తనమే చెడి ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టాం, ఈసారి రెండు ఊళ్లలో రెండు కుండలు.

7. పదకొండు గంటలకు మీటింగు పెట్టకండి.

ఆ వేళకు వచ్చేది పనిలేని మగవాళ్లు, నాలాంటి ముసలమ్మలు. పాలు పోశాక, సంగటి దించాక రండి. చీకటి పడుతుంది, అందుకు మీ జీపు లైట్లున్నాయి కదా.

8. అన్నిటికంటే ముందు పహణి చూడండి. చివర రాస్తున్నా, ఎందుకంటే నాకూ చివరే అర్థమైంది.

చేను దున్నించేది, కలుపు తీసేది, కోసేది ఆడమనిషి. పహణిలో పేరు పదేళ్ల కిందట పోయిన మామది. ఆమె పేరు లేకపోతే ఆమె పేరుతో ఫ్రూట్స్ ఐడి, అంటే సర్కారు రైతు నమోదు నంబరు, రాదు. అది లేకపోతే రాగుల్ని మద్దతు ధరకు అమ్మలేదు. 2024-25లో ఆ ధర క్వింటాలుకు 4,290 రూపాయలు. గుమ్మం ముందుకొచ్చే వ్యాపారి ఎంత అంటే అంతకు తూచి ఇవ్వాలి. పంట పోయిన ఏడు పరిహారం కూడా పహణిలో పేరున్న వాళ్ల ఖాతాకే పడుతుంది. కర్ణాటకలో ఆడపిల్లలకు పిత్రార్జితంలో సమాన వాటా చట్టం 1994లోనే వచ్చింది, దేశమంతటికీ 2005లో. మా ఊళ్లో అడిగిన ఆడపిల్లలు నా వేళ్లకు మించరు. అన్నదమ్ములతో మాట పోతుందని భయం. అది ఉత్తి భయమూ కాదు. కైవారం తాతయ్య మఠానికి మొక్కుకు పోయినప్పుడు దారంతా ఇదే మాట్లాడుకుంటాం, ఊరు రాగానే ఆపేస్తాం.

వాటా గొడవ మీరు తేల్చలేరు, ఆ పని మీది కాదు కూడా. కానీ మొగుడు పోయిన ఆడవాళ్ల పేరు పహణిలోకి ఎక్కించే పౌతి ఖాతా చేయించడంలో గొడవేం లేదు, తిరగడం ఒక్కటే. మరణ పత్రం, వంశవృక్షం, ఆధార్. మావాళ్లను మూడుసార్లు తిప్పుతారు, కార్డు వేసుకున్న మీరు పక్కన నిల్చుంటే ఒకసారితో అవుతుంది. మా వీధిలోనే ముగ్గురున్నారు. ఒకామె దగ్గర మరణ పత్రం లేదు, భర్త బెంగళూరు ఆస్పత్రిలో పోయాడు, కాగితం అక్కడే ఉండిపోయింది. వచ్చే వారం వస్తామన్నారు కదా, టాబ్‌లో ఫారాలు నింపడం తర్వాత చూద్దాం. సోమవారం అయితే తాలూకా ఆఫీసులో మనుషులు దొరుకుతారు. ఆమె పాలు పోసి ఏడున్నరకల్లా రోడ్డు మీద ఉంటుంది.