ఇంటి కేకు: ముందు తూకం, తర్వాతే పూలు

ప్రశ్న: ఎప్పుడూ అదే కప్పు, అదే ఓవెన్. ఒకసారి కేకు గుల్లగా వస్తుంది, ఇంకోసారి పిడచకట్టుకుపోతుంది. బాబు పుట్టినరోజు దగ్గర పడుతోంది. లోపం ఎక్కడ?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: లోపం ఆ కప్పులోనే ఉంది. జల్లించిన మైదాను చెంచాతో వదులుగా పోస్తే కప్పుకు సుమారు 120 గ్రాములు పడుతుంది. అదే కప్పును డబ్బాలో ముంచి, అదిమి తీస్తే 150 దాకా వస్తుంది. రెండు కప్పుల కేకులో అరకప్పు మైదా అదనంగా పడిందన్నమాట. అలాంటి కేకు పిడచకట్టక ఏమవుతుంది? గుడ్లదీ అదే కథ. పెంకు తీశాక ఒకటి 45 గ్రాములు తూగితే పక్కది 55 తూగుతుంది. లెక్కపెట్టి కొట్టినంత మాత్రాన కొలత కుదిరినట్టు కాదు.

వెన్న కేకుకు పాతకాలపు లెక్క ఒకటుంది. గుడ్లను పెంకు తీసి తూచి, వెన్న, పంచదార, మైదా ఒక్కొక్కటీ అంతే బరువు తీసుకోవాలి. నాలుగు గుడ్లు 200 గ్రాములు తూగితే మిగతావీ 200 చొప్పున, రెండు టీస్పూన్ల బేకింగ్ పౌడర్. ఏడంగుళాల టిన్నులు రెండింటికి సరిపోతుంది. ముందు వెన్న, పంచదార కలిపి రంగు తేలి పొంగేదాకా గిలక్కొట్టాలి. కేకును లేపేది ఆ వెన్నలో చిక్కుకున్న గాలే. వేలితో నొక్కితే వెన్నలో గుంట పడాలి, వేలు జారిపోకూడదు. గుంటూరు ఎండల్లో బయట పెట్టిన వెన్న అరగంటలో నెయ్యికి దగ్గరవుతుంది, దాంట్లో గాలి నిలవదు. ఎండాకాలంలో ఫ్రిజ్‌లోంచి తీసిన పది నిమిషాలకే పని మొదలుపెట్టాలి. గుడ్లు మాత్రం చల్లగా పోయకూడదు, వెన్న విరిగినట్టయిపోతుంది. మైదా చివర్లో వేసి గరిటెతో పైపైన కలిపితే చాలు. ఎక్కువసేపు కలిపితే సాగుడు వచ్చి కేకు గట్టిపడుతుంది.

తీపి ఎక్కువని పంచదారను సగానికి తగ్గించే అలవాటూ ఈ లోపాల్లో ఒకటి. పంచదార తీపి కోసమే కాదు, తేమను పట్టి ఉంచడానికి కూడా. పదో వంతు తగ్గిస్తే ఫర్వాలేదు, సగం తగ్గిస్తే మర్నాటికి కేకు ఎండిపోతుంది. తీపి తగ్గించాలంటే పైన పూసే క్రీమ్‌లో తగ్గించాలి.

చాలా ఇళ్లలో యాభై నాజిళ్ల పెట్టె ముందు వస్తుంది, డిజిటల్ తూకం ఎప్పటికీ రాదు. ఇది తలకిందుల వ్యవహారం. పిడచకట్టిన కేకు మీద ఎన్ని గులాబీలు పూయించినా తినేవాళ్లు క్రీమ్ నాకి కేకు పళ్లెంలోనే వదిలేస్తారు.

ప్రశ్న: ఇంట్లో పెద్దవాళ్లు గుడ్డు ముట్టరు. వినాయక చవితికి రెండు రోజుల ముందు షష్టిపూర్తి. కేకు ఎలా?
– రాజమండ్రి

జవాబు: గుడ్డు చేసే పనులు రెండు: పొంగించడం, పట్టి ఉంచడం. పొంగించే పనికి పెరుగు, వంటసోడా చాలు. సోడాకు పులుపు తగలగానే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. మైదా 190 గ్రాములు, పెరుగు 240, పొడి చేసిన పంచదార 160, వాసన లేని నూనె 110 మిల్లీలీటర్లు, వంటసోడా అర టీస్పూన్, బేకింగ్ పౌడర్ ఒకటింబావు. పల్లీ నూనె, నువ్వుల నూనె ఇక్కడ పనికిరావు. వెనిలాను మించి వాటి వాసనే పైకి వస్తుంది. పెరుగు, పంచదార కలిపి, అందులో సోడా వేసి ఐదు నిమిషాలు ఆగితే నురగ లేస్తుంది. ఆపైన ఆలస్యం పనికిరాదు. మైదా కలిపిన వెంటనే వేడెక్కిన ఓవెన్‌లోకి వెళ్లాలి. నురగ రాకపోతే సోడా పాతబడిందని అర్థం, ఆ డబ్బా మార్చాలి. ఇంకాస్త పొంగుతుందని చిటికెడు సోడా ఎక్కువ వేస్తే సబ్బు రుచి, ముదురు రంగు వస్తాయి. గుడ్డు లేని కేకు త్వరగా విరుగుతుంది కాబట్టి పొరలు కోసే ముందు రాత్రంతా చుట్టి పెట్టాలి.

ప్రశ్న: ఓవెన్ లేదు. కుక్కర్‌లో చేస్తే నిజంగా కేకు అవుతుందా?
– నిజామాబాద్

జవాబు: అవుతుంది. దిబ్బరొట్టెకు కిందా పైనా నిప్పులు పెట్టి కాల్చిన తరాలకు ఓవెన్ ఎక్కడిది? కావలసింది చుట్టూ సమానంగా తగిలే వేడి, అంతే. కుక్కర్ అడుగున రెండు అంగుళాల మందాన ఉప్పుగానీ ఇసుకగానీ పోసి, స్టాండు పెట్టి, పది నిమిషాలు వేడి చేయాలి. గ్యాస్కెట్, విజిల్ రెండూ తీసేయాలి. నీళ్లు పోయకూడదు. గ్యాస్కెట్ ఉంచితే రబ్బరు పాడవడమే కాదు, లోపల ఆవిరి చిక్కి కేకు తడిసిపోతుంది. టిన్ను పెట్టాక సన్నని మంట మీద 45 నిమిషాల నుంచి గంట. పొడిగా కాలిస్తే కుక్కర్ అడుగు దెబ్బతింటుంది కాబట్టి, అటకెక్కిన పాతదాన్ని ఇందుకు కేటాయించడం తెలివి. పైభాగం ఎర్రబడదు, అందుకు దిగులు అక్కర్లేదు. క్రీమ్ కప్పేది అక్కడేగా.

ప్రశ్న: ఓవెన్‌లో పొంగిన కేకు మధ్యలో కుంగిపోతోంది.
– ఖమ్మం

జవాబు: మొదటి 25 నిమిషాలు తలుపు తీయకూడదు, పుల్ల గుచ్చి చూడకూడదు.

ప్రశ్న: మే నెలలో అమ్మానాన్నల పెళ్లిరోజు. క్రితంసారి క్రీమ్ గిలక్కొట్టినకొద్దీ పాలలాగే ఉండిపోయింది. ఎలాగో పూస్తే మధ్యాహ్నానికి అంతా కారిపోయింది.
– విజయవాడ

జవాబు: ఇవి రెండు వేర్వేరు తప్పులు. కూరల్లో వేసే మామూలు ఫ్రెష్ క్రీమ్ ప్యాకెట్‌లో కొవ్వు 25 శాతమే ఉంటుంది. కనీసం 30, వీలైతే 35 శాతం ఉంటేనే క్రీమ్ గాలిని పట్టుకుని నిలబడుతుంది. ఆ ప్యాకెట్‌ను గంటసేపు తిప్పినా లాభం లేదు, చెయ్యి నొప్పి తప్ప. బేకరీలు వాడేది చాలావరకు పాల క్రీమ్ కాదు, పామ్ కెర్నల్ నూనె వంటి కొవ్వుతో చేసిన నాన్‌డైరీ విప్పింగ్ క్రీమ్. రుచిలో పాల క్రీమ్‌కు సాటి రాదుగానీ ఎండకు కాస్త ఎక్కువ ఓరుస్తుంది. గడ్డకట్టిన ప్యాకెట్‌ను ముందు రాత్రే ఫ్రీజర్‌లోంచి ఫ్రిజ్‌లోకి దించాలి. గిన్నె, బీటర్ పుల్లలు కూడా చల్లగా ఉండాలి. కొనలు నిలబడగానే ఆపేయాలి, ఇంకా తిప్పితే గరుకుగా విరుగుతుంది.

కారిపోవడం మాత్రం క్రీమ్ తప్పు కాదు. లోపల వెచ్చదనం మిగిలిన కేకు మీద ఏది పూసినా కారుతుంది. అందుకే కేకు కాల్చడం ముందురోజు పని. పుట్టినరోజు పొద్దున్న మైదా జల్లిస్తూ కనిపించే తల్లికి సాయంత్రం కన్నీళ్లు ఖాయం. చల్లారిన కేకును పొరలుగా కోసి, పంచదార నీళ్లు చిలకరించి, మొదట పలుచగా ఒక పూత పూయాలి. ఈ క్రంబ్ కోట్ వల్ల పొడి రాలి పైపూతలో కలవదు. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, అప్పుడు అసలు పూత.

బెజవాడ మే ఎండకు అసలైన జవాబు గనాష్. వెన్న 35 డిగ్రీల లోపే కరిగిపోతుంది, ఆ ఊళ్లో మధ్యాహ్నం 40 దాటుతుంది, కాబట్టి బటర్‌క్రీమ్ ఆశ వదులుకోవచ్చు. మామూలుగా డార్క్ చాక్లెట్, క్రీమ్ సమానంగా తీసుకుంటారు. ఎండలకు చాక్లెట్ రెండు పాళ్లు, క్రీమ్ ఒక పాలు. ఇక్కడ 25 శాతం ప్యాకెట్ క్రీమ్ కూడా పనికొస్తుంది. క్రీమ్‌ను పొంగు రానివ్వకుండా వేడి చేసి, తరిగిన చాక్లెట్ మీద పోసి, రెండు నిమిషాలు ఆగి కలపాలి. ఎంత చేసినా కేకు కోసే గదిలో ఏసీ లేకపోతే దాన్ని చివరి నిమిషం దాకా ఫ్రిజ్‌లోనే ఉంచాలి. ఫోటోల కోసం గంటసేపు బల్ల మీద ఊరేగించడం కేకుకు శిక్ష.

ప్రశ్న: పైనాపిల్ కేకులో క్రీమ్ చేదెక్కింది. పండు తాజాదే, తోటలోంచి కోసిందే.
– అరకు

జవాబు: తాజాది కావడమే కారణం. పచ్చి పైనాపిల్‌లో ఉండే బ్రోమెలైన్ అనే ఎంజైమ్ పాలలోని ప్రొటీన్‌ను ముక్కలు చేస్తుంది, ఆ చేదు దానిదే. జెలటిన్ కూడా దాని ముందు గడ్డకట్టదు. ముక్కలను కాస్త పంచదారతో పది నిమిషాలు ఉడికించి చల్లారిస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది. డబ్బా పైనాపిల్‌తో ఈ బాధ లేకపోవడానికి కారణం అది ముందే వేడి తగిలినది కావడమే.

ప్రశ్న: కేకు మీద నిజం పూలు, బంగారు పొడి వాడొచ్చా?
– హైదరాబాద్

జవాబు: పెరట్లో పూసే గన్నేరు చెట్టంతా విషమే. దాన్ని అందం కోసం కేకు అంచున పెట్టినా ముప్పే. బజారు గులాబీలు మందు చల్లినవి, వాటి కాడలు క్రీమ్‌లో గుచ్చకూడదు. ఇంట్లో మందు కొట్టకుండా పెంచిన నాటు గులాబీ రేకలు చాలు, శంఖుపూలూ బాగుంటాయి. మెరుపు పొడి డబ్బా మీద “విషం కాదు” అని ఉంటే తినొచ్చని అర్థం కాదు. తినదగినదని స్పష్టంగా రాసి, పదార్థాల జాబితా, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉంటేనే వాడాలి.

ప్రశ్న: మా పాప మొదటి పుట్టినరోజు కేకులో పంచదార బదులు తేనె వేయొచ్చా?
– కర్నూలు

జవాబు: కూడదు. ఏడాది నిండని పిల్లలకు తేనె ఏ రూపంలోనూ పెట్టరు. కేకు పుట్టినరోజుకే అయినా, రుచి చూపించడం ముందురోజే మొదలవుతుందని ప్రతి ఇంటికీ తెలుసు.

ప్రశ్న: రెండంతస్తుల కేకు మీద ఏ కొవ్వొత్తి పెడితే బాగుంటుంది?
– అనంతపురం

జవాబు: మామూలు మైనం కొవ్వొత్తి. నిప్పురవ్వలు చిమ్మే కొవ్వొత్తిలో లోహపు పొడి ఉంటుంది, అది రాలేది క్రీమ్ మీదే. అసలు భయం కొవ్వొత్తితో కాదు, పక్కన నిలబడిన కుర్రాడి చేతిలోని స్నో స్ప్రేతో. చాలా డబ్బాల్లో ఆ నురగను బయటికి తోసే వాయువుకు నిప్పంటుకునే గుణం ఉంటుంది. మంట మీదికి కొడితే భగ్గుమనేది పుట్టినరోజు పిల్ల ముఖం దగ్గరే. ఇక కేకును ముఖానికి పూయడం, తల పట్టి అందులోకి అదమడం మరో మోటు సరదా. అంతస్తుల కేకు నిలబడేది లోపల గుచ్చిన వెదురు పుల్లల మీద. ఆ పుల్లలు ఎక్కడున్నాయో పైకి కనపడదు, కన్ను మాత్రం వాటి ఎత్తులోకే వస్తుంది. రెండు అంతస్తులు కట్టినవాళ్లు పై అంతస్తు దించి, పుల్లలన్నీ లెక్క చూసి తీశాకే ముక్కలు పంచాలి.

ప్రశ్న: మిగిలిన కేకు ఎన్నాళ్లుంటుంది?
– డాలస్‌లో ఉంటున్న పాఠకుడు

జవాబు: క్రీమ్ పూసినది ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు, మూత బిగిసే డబ్బాలో. మూత లేకపోతే పక్కనున్న ఆవకాయ, వెల్లుల్లి వాసన అంతా క్రీమ్ పట్టేస్తుంది. పూత లేని కేకును ముక్కలుగా చుట్టి ఫ్రీజర్‌లో పెడితే రెండు నెలలు నిలవ ఉంటుంది. తినేటప్పుడు చుట్టు విప్పకుండానే బయట ఉంచి కరగనివ్వాలి, లేకపోతే పైన నీళ్లు పట్టి జిగటవుతుంది.