నడుం దగ్గర వంగే బండి: పాత టిల్లర్‌ను, ట్రాలీని బాగు చేసుకునే పాఠం



ఈసారి పాఠం పురుగు గురించి కాదు, పురుగుకు ఆకు మోసే బండి గురించి. కోలారు, చింతామణి, శిడ్లఘట్ట పక్క మన తోటల్లో పాత పవర్ టిల్లర్లు ఇంకా చాలానే ఉన్నాయి. కొన్ని రోజూ తిరుగుతున్నాయి, కొన్ని చింతచెట్టు కింద తుప్పు పట్టి నిలబడ్డాయి. కొత్తది కొనాలంటే అందరి చేతిలోనూ డబ్బు ఆడదు. అందుకే పాతది తెచ్చి బాగు చేసుకుంటాం. అట్లా తెచ్చినప్పుడు మామూలుగా జరిగేది ఏమంటే, ముందు ఇంజన్ విప్పిస్తాం, చివర రంగు కొట్టిస్తాం. టిల్లర్‌ను, ట్రాలీని కలిపే పిన్నును మాత్రం ఎవరూ చూడరు.

మేము చెప్పేది ఒకటే మాట. ఇట్లాంటి బండికి ముందు నడుం చూడాలి, తర్వాత బ్రేకు, ఆ తర్వాతే ఇంజన్. ఇంజన్ చెడితే బండి నిలిచిపోతుంది, అంతే. నడుం చెడినా, బ్రేకు చెడినా మనిషి కింద పడతాడు.

వంగే బండి అంటే ఏమిటి?

మామూలు ట్రాక్టర్‌లో ముందు చక్రాలు పక్కకు తిరుగుతాయి, బండి మలుగుతుంది. ఇంకో జాతి ట్రాక్టర్లు ఉన్నాయి. వాటిలో చక్రాలు పక్కకు తిరగవు. బండి రెండు భాగాలుగా ఉంటుంది, మధ్యలో పిన్ను వేసి కలిపి ఉంటారు, మలుపులో బండే నడుం దగ్గర వంగుతుంది. వీటిని ఆర్టిక్యులేటెడ్ ట్రాక్టర్లు అంటారు. అమెరికాలో మినెసోటా రాష్ట్రంలో స్టైగర్ అన్నదమ్ములు 1957-58 చలికాలంలో తమ పాడి పశువుల కొట్టంలోనే ఇట్లాంటి పెద్ద బండిని కట్టుకున్నారు. కెనడాలో విన్నిపెగ్‌లోని వర్సటైల్ కంపెనీ 1966లో డి-100 అనే బండిని తెచ్చింది. ఇంగ్లండులో ఎసెక్స్ ప్రాంతపు రైతు ఒకాయన రెండు ఫోర్డ్‌సన్ మేజర్ ట్రాక్టర్లు తీసుకొని, రెండింటి ముందు చక్రాలూ పీకేసి, ఒకదాని వెనక ఒకటి తగిలించాడు. దాన్నే ఎర్నెస్ట్ డో కంపెనీ ‘డో ట్రిపుల్-డి’ పేరుతో తయారుచేసి అమ్మింది. ఆ పాత బండ్లను ఈనాటికీ బాగు చేసుకొని నడిపేవాళ్లు ఉన్నారు.

మన టిల్లర్‌కు ట్రాలీ తగిలిస్తే అదీ ఇదే జాతి. ముందు రెండు చక్రాలు, వెనక రెండు చక్రాలు, మధ్యలో పిన్ను. నడిపేవాడు వెనక భాగం మీద కూర్చొని, ముందు భాగాన్ని హ్యాండిల్‌తో వంచుతాడు. ఒక తేడా మాత్రం గుర్తుపెట్టుకోవాలి. స్టైగర్ లాంటి వాటిలో ఇంజన్ బలం షాఫ్ట్ ద్వారా నడుం దాటి వెనక చక్రాలకూ పోతుంది. మన బండిలో బలమంతా ముందు రెండు చక్రాలకే. ట్రాలీ చక్రాలు ఊరికే దొర్లుతాయి. అందుకే ఏటవాలు దిగేటప్పుడు ట్రాలీ బరువు వెనక నుంచి టిల్లర్‌ను తోస్తుంది. పాఠం మొత్తానికి ఇదే ముఖ్యమైన సంగతి.

మనకు ఇది ఎందుకు?

పురుగు తన జీవితం మొత్తంలో తినే ఆకులో నూటికి 80 పాళ్లకు పైన నాలుగో జ్వరం లేచాక, అయిదో దశలోనే తింటుంది. అంటే ఒక్క వారం. ఆ వారంలో పొద్దున, మాపటేళ కొమ్మలు షెడ్డుకు చేరాల్సిందే. అప్పుడు బండి నిలిస్తే పురుగు ఆగదు. ఆకలికి ఉంటే గూడు పలచబడుతుంది, మార్కెట్‌లో ధర పోతుంది.

మన పక్క కనిపించే పాతవాటిలో ఎక్కువ భాగం వీఎస్‌టీ వాళ్ల మిత్సుబిషి శక్తి బండ్లు. ఆ కంపెనీ 1967లో బెంగళూరులో మొదలైంది. కొన్నిచోట్ల కేరళ కాంకో వాళ్లవీ ఉంటాయి, అది 1973లో పెట్టిన సంస్థ. ఏదైనా సరే, ఒకే సిలిండర్ డీజిల్ ఇంజన్, బెల్టులు, క్లచ్, గేరుబాక్సు. చూసుకునే పద్ధతి ఒకటే.

1. నడుం: పిన్ను, బుష్, తగిలింపు

ట్రాలీని ఖాళీ చేసి చదునైన చోట నిలపండి. చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. ట్రాలీ బారు కింద ఒక దిమ్మె పెట్టి బరువు దాని మీద ఆనించండి. ఇప్పుడు గడ్డపార పెట్టి పిన్ను దగ్గర పైకీ కిందికీ, పక్కలకూ కదిలించండి. టకటక శబ్దం వస్తే అరిగిందని అర్థం.

పిన్ను తీసి చూడండి. మధ్యలో వేలికి తగిలేటట్టు గాడి పడి ఉంటే ఆ పిన్ను పనికిరాదు. రంధ్రం చూడండి. గుండ్రంగా ఉండాల్సింది పట్టుగూడు మాదిరి కోలగా మారి ఉంటే అదే అసలు రోగం. చాలామంది లావు పిన్ను కొట్టి సరిపెడతారు. కోల రంధ్రంలో లావు పిన్ను రెండుచోట్లే ఆనుతుంది, ఆరు నెలల్లో మళ్లీ మొదటికే వస్తుంది. సరైన పని ఏమంటే, లేత్ షాపులో రంధ్రాన్ని గుండ్రంగా బోరు కొట్టించి, లోపల బుష్ బిగించాలి. బుష్ లోహం పిన్ను కంటే మెత్తగా ఉండాలి. అప్పుడు అరిగేది బుష్ అవుతుంది, అది మార్చడం సులభం. గ్రీజు పెట్టే నిప్పులు లేకపోతే అప్పుడే పెట్టించండి.

పిన్ను కింద జారకుండా ఉండే కాటర్ పిన్ను సరైనది వేయండి. మేకు వంచి పెట్టడం, బైండింగ్ వైరు చుట్టడం వద్దు. తగిలింపు పక్కనే ఒక గొలుసు కూడా వేసి ఉంచితే, పిన్ను జారినా ట్రాలీ విడిపోదు.

కొన్ని ట్రాలీల బారు దగ్గర ఇంకో కదలిక ఉంటుంది. గట్టు ఎక్కినప్పుడు ట్రాలీ ఒక పక్కకు ఒరిగినా, టిల్లర్ ఒరగకుండా మెలి తిరిగే కీలు అది. పాతబండ్లలో తుప్పు పట్టి ఇది బిగుసుకుపోతుంది. లేదంటే వదులుగా ఉందని ఎవరో వెల్డింగ్ పెట్టేసి ఉంటారు. ఆ వెల్డింగ్ తీయించాలి. మెలి తిరగని నడుం గట్టు మీద ఒక చక్రాన్ని గాల్లోకి లేపుతుంది. బారు మొదట్లో వెల్డింగ్ అంచుల వెంట వెంట్రుక లాంటి చీలికలు ఉన్నాయేమో మట్టి కడిగి చూడండి.

2. బ్రేకు

ట్రాలీకి కాలి పెడల్ బ్రేకు ఉంటుంది. పాత ట్రాలీల్లో పెడల్ ఉంటుంది గానీ బ్రేకు ఉండదు. చక్రాలు ఊడదీసి లోపల లైనింగ్ చూడండి. బేరింగు గ్రీజు కారి లైనింగ్ మీద పడి ఉంటే సీలు మార్చి, లైనింగ్ కొత్తది వేయండి. రెండు చక్రాలూ సమంగా పట్టాలి. ఒకటే పడితే ట్రాలీ పక్కకు లాగుతుంది.

దిగుడులో ముందు ట్రాలీ బ్రేకే ఎందుకు పట్టాలో చెప్తాం. తాడు చివర పట్టుకొని వెనక్కి లాగితే తాడు తిన్నగా నిలుస్తుంది. అదే తాడును వెనక నుంచి ముందుకు తోస్తే మధ్యలో మడత పడుతుంది. వంగే బండి కూడా అంతే. వెనక భాగాన్ని ఆపితే బండి తిన్నగా ఉంటుంది. ముందు భాగాన్ని మాత్రమే ఆపితే వెనక బరువు తోసి నడుం దగ్గర మడుస్తుంది. ఆ మడతలో హ్యాండిల్ ఒక్కసారిగా పక్కకు కొట్టి మనిషిని కింద పడేస్తుంది.

3. హ్యాండిల్ కింది లీవర్లు

ఎడమ లీవరు నొక్కితే ఎడమ చక్రానికి బలం ఆగిపోతుంది, కుడి చక్రం తోస్తుంది, బండి ఎడమకు తిరుగుతుంది. ఇది చదునులో, ఎక్కుడులో.

దిగుడులో ఇది తలకిందులవుతుంది. అక్కడ ఇంజన్ బండిని లాగడం లేదు, పట్టి ఆపుతోంది. ఎడమ లీవరు నొక్కితే ఎడమ చక్రానికి ఆ పట్టు పోయి, అది స్వేచ్ఛగా ముందుకు దొర్లుతుంది. బండి కుడికి తిరుగుతుంది. కొత్తగా నడిపేవాళ్లు కంగారులో అదే లీవరును ఇంకా గట్టిగా నొక్కుతారు. చెరువు కట్ట మీద ఇట్లా జరిగితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి దిగుడు మొదలయ్యే ముందే చిన్న గేరులో వేసుకోండి, మధ్యలో గేరు మార్చొద్దు, న్యూట్రల్ చేయొద్దు. లీవర్లు ముట్టుకోకుండా హ్యాండిల్‌నే మెల్లగా తిప్పండి. కాలు బ్రేకు మీద ఉంచండి. టిల్లర్ నడిపే ప్రతి పిల్లవాడికీ, కూలీకీ ఈ ఒక్క విషయం చదివి వినిపించండి.

బాగు చేసేటప్పుడు ఈ లీవర్ల తీగలు తుప్పు లేకుండా కదులుతున్నాయా, వదిలిన వెంటనే స్ప్రింగు వెనక్కి లాగుతోందా చూడండి. ఏళ్ల తరబడి నిలిచిన బండిలో లోపలి పళ్లు బిగుసుకొని ఉండొచ్చు. ఒక లీవరు పనిచేసి ఒకటి చేయకపోతే ఆ బండిని రోడ్డు మీదికి తీయొద్దు.

4. ఇంజన్

చాలాకాలం ఆగిన ఇంజన్‌కు వెంటనే హ్యాండిల్ వేసి తిప్పొద్దు. పిస్టన్ సిలిండర్‌కు పట్టుకొని ఉంటే రింగులు విరుగుతాయి. నాజిల్ విప్పి, ఆ రంధ్రంలో కొంచెం ఇంజన్ ఆయిల్, డీజిల్ కలిపి పోసి, ఒక రాత్రి వదిలేయండి. మరునాడు ఫ్లైవీలును చేత్తో అటూ ఇటూ కదిలించండి. తేలికగా తిరిగాక, లోపల పోసింది బయటకు వచ్చేదాకా తిప్పి, అప్పుడు నాజిల్ బిగించండి.

పాత డీజిల్ అంతా పారబోసి, ట్యాంకు కడిగి, ఫిల్టరు మార్చండి. పైపుల్లో గాలి తీయండి. నాజిల్ పరీక్ష అనుభవమున్న మేస్త్రి చేతనే చేయించండి. డీజిల్ పొగమంచు మాదిరి సన్నగా రావాలి, ధారగా కారకూడదు. ఆ తుంపరకు చేయి అడ్డం పెట్టొద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మం లోపలికి దూరుతుంది, వేలు తీసేయాల్సి రావొచ్చు.

కంప్రెషన్ చూడడం సులభం. డీకంప్రెషన్ లీవరు వదిలి మెల్లగా తిప్పితే, ఒకచోట గట్టిగా అడ్డం తగిలి వెనక్కి తోయాలి. అడ్డమే లేకపోతే వాల్వులు గానీ రింగులు గానీ పోయినట్టే. స్టార్ట్ అయ్యాక నీటి తొట్టిలో బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ చూడాలి. వేడెక్కాక కూడా నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. నల్లపొగ అయితే ముందు ఎయిర్ క్లీనర్ చూడండి. అడుగున ఉండే ఆయిల్ మన ఎర్రమట్టి దుమ్ముకు తొందరగా బురద అవుతుంది.

హ్యాండిల్ వేసి స్టార్ట్ చేసేటప్పుడు బొటనవేలు మిగిలిన నాలుగు వేళ్ల పక్కనే ఉంచండి, చుట్టి పట్టుకోవద్దు. ఇంజన్ వెనక్కి తన్నితే బొటనవేలు మిగలదు.

5. బెల్టులు, క్లచ్, గేరుబాక్సు

బెల్టులు అన్నీ ఒకేసారి మార్చండి. ఒకటి కొత్తది, రెండు పాతవి వేస్తే బరువంతా కొత్తదాని మీదే పడి అది తెగుతుంది. బెల్టు పుల్లీ గాడి అంచులకు ఒరుసుకొని ఉండాలి. గాడి అడుగు మెరుస్తుంటే బెల్టు కిందికి దిగి జారుతోందని గుర్తు. అప్పుడు బెల్టు మార్చినా లాభం లేదు, పుల్లీ కూడా మార్చాలి.

గేరుబాక్సు ఆయిల్ బండి వేడిగా ఉన్నప్పుడు దించండి. పాల మాదిరి ఉంటే నీళ్లు చేరాయి, సీళ్లు మార్చాలి. ఆయిల్‌లో మెరిసే రేకులు కనిపిస్తే గేర్లు విప్పాల్సిందే. ఎక్కుడులో గేరు దానంతటదే జారిపోతే దాన్ని చిన్న రోగం అనుకోవద్దు. లోడుతో ఉండగా గేరు జారితే బండి వెనక్కి పోతుంది.

6. ట్రాలీ తొట్టి: పురుగు తినే పళ్లెం

మామూలు రైతుకు, మనకు ఉండే తేడా ఇదే. మనం మోసేది పురుగు నోటికి పోయే ఆకు. డీజిల్, ఆయిల్ ఆకు మీద పడకూడదు. సైలెన్సర్ పొగ ట్రాలీ వైపు రాకుండా తిప్పించండి. తొట్టికి కొత్తగా రంగు వేస్తే వాసన పూర్తిగా పోయేదాకా ఎండలో పెట్టండి, షెడ్డు పక్కన నిలపొద్దు. మందు కొట్టే డ్రమ్ము పెట్టిన ట్రాలీలో కడగకుండా ఆకు వేయొద్దు. టమాటాకు, ద్రాక్షకు కొట్టిన మందు చుక్క మిగిలినా పంట మొత్తం పోతుంది. షెడ్డుకు బ్లీచింగ్ పౌడర్ మోసిన తర్వాత కూడా తొట్టిని నీళ్లతో కడగండి. లేకపోతే రేకు తినేస్తుంది.

ఆకు లోడు మీద మనుషులను ఎక్కించొద్దు. బారు మీద, పిన్ను దగ్గర పిల్లలను అసలు కూర్చోనివ్వొద్దు. బండి వంగితే నలిగేది అక్కడే.

7. ఎప్పుడు చేయాలి?

గూళ్లు మార్కెట్‌కు పోయిన మరునాడే పని మొదలుపెట్టండి. పాత బండి కొనేముందు ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు కాగితాలతో సరిపోతున్నాయా, ఆ మోడల్‌కు సామాన్లు మీ ఊరి దగ్గర దొరుకుతాయా విచారించండి. డబ్బు తక్కువగా ఉంటే ముందు పిన్ను, బుష్, బ్రేకు, లీవర్లు చేయించండి. తర్వాత ఇంజన్, బెల్టులు. రంగు వచ్చే పంటకు చూసుకోవచ్చు.

అన్నీ అయ్యాక ఆకుతో పరీక్ష చేయొద్దు. మట్టి బస్తాలు వేసుకొని, ముందు చదునులో, తర్వాత చిన్న దిగుడులో నడపండి. దిగుడు మధ్యలో కాలి బ్రేకుతో ఆపి చూడండి. బండి తిన్నగా నిలిస్తే పని అయినట్టు. తర్వాత పిన్ను మళ్లీ ఒకసారి విప్పి, గ్రీజు అంతటా పాకిందో లేదో చూడండి. ఈ పరీక్ష పురుగు మూడో జ్వరానికి పోయేలోపల ముగించాలి. నాలుగో జ్వరం లేచాక బండికి సెలవు ఉండదు.

అప్పటినుంచి వారానికి ఒకసారి పిన్నుకు గ్రీజు, రోజూ పొద్దున కాటర్ పిన్ను ఉందో లేదో ఒక చూపు. పెద్ద ఖర్చేమీ కాదు, రెండు నిమిషాల పని. బండి నడిపేది మీరు కాకపోతే, ఈ పాఠంలో రెండు, మూడు నంబర్లు నడిపేవాళ్లకు ఈరోజే చదివి వినిపించండి.